కొలువుల లిస్టుకు పైసలెందుకు తమ్మీ?

పోయినేడు మా ఊరి పిలగాడొకడు నా దగ్గరికొచ్చిండు. డిగ్రీ అయిపోయి రెండేండ్లు. పట్నంల ఒక కన్సల్టెన్సీకి మూడు వేలు కట్టిండు. వాళ్లిచ్చిందేంది? వాట్సాప్‌ల ఒక ఎక్సెల్ షీటు, అండ్ల నలభై కొలువుల పేర్లు. నేను ఒక్కొక్కటి వెతికి చూసిన. సగానికెక్కువ గడువు దాటినయే. మిగిలినయి ఎవరైనా నెట్‌ల ఉత్తగనే చూసుకునేటియి.

ఆ లిస్టు మనమే చేసుకుంటే ఏమైతది అనుకున్న. నేను కంప్యూటర్ సదువు సదివినోణ్ని కాదు, ఇంటర్‌తోనే ఆగిపోయిన. నలభై దాటినంక వీడియోలు చూసుకుంట పైథాన్ నేర్సుకున్న. నాకు వచ్చిందంటే మీకు రాదా?

పైథాన్‌ల లైబ్రరీ అంటే పుస్తకాల గది కాదు. వేరేటోళ్లు ముందే రాసిపెట్టిన కోడ్ మూట. బోరు ఒకడు ఏసిండు, మోటరు ఒకడు బిగిచ్చిండు, మనం స్విచ్చి ఏస్తే నీళ్లొస్తయి. గట్లనే కొలువులు వెతికే లైబ్రరీ ఒకటుంది, పేరు జాబ్‌స్పై. పైస కట్టే పని లేదు. లింక్డ్‌ఇన్, ఇండీడ్, గ్లాస్‌డోర్, నౌక్రీ లాంటి సైట్లల్ల మనకోసం ఒక్కపారే వెతుకుతది.

ల్యాప్‌టాప్ లేదని రంది పడకుండ్రి. గూగుల్ కోల్యాబ్ అనే పేజీ ఫోన్ బ్రౌజర్ల సుత తెరుసుకుంటది, కోడ్ అండ్లనే నడుస్తది. అండ్ల పిప్ ఇన్‌స్టాల్ అని కొట్టి, పైథాన్-జాబ్‌స్పై అని లైబ్రరీ పేరు పెడితే అది దిగుతది. తర్వాత మనం చెప్పాల్సినయి ఐదే: ఏ సైట్లు, ఏం కొలువు, ఏ ఊరు, ఎన్ని కావాలె, ఎన్ని గంటల లోపల పడ్డయి. నేను 72 గంటలు అని పెడుత. అంటే మూడు దినాల లోపలియే వస్తయి, పాతయి రావు. ఒక్కటి యాదిల పెట్టుకోండ్రి: ఇండీడ్‌కు దేశం ఇండియా అని చెప్పాలె. చెప్పకుంటే అది అమెరికా కొలువులు వెతుకుతది.

వచ్చింది ఒక పట్టిక లెక్క ఉంటది: కొలువు పేరు, కంపెనీ, ఊరు, పడ్డ తారీఖు, లింకు. దాన్ని షీటు చేసి దాసుకోవచ్చు. ఒకే కొలువు మూడు సైట్లల్ల పడ్తది. గందుకే కంపెనీ, కొలువు పేరు రెండూ కలిసినయి ఒక్కటే ఉంచి కడమయి తీసెయ్యాలె. తర్వాత వివరంల ‘రిజిస్ట్రేషన్ ఫీజు’, ‘డిపాజిట్’, ‘ట్రైనింగ్ ఛార్జీలు’ అనే మాటలు వెతకాలె. అవి ఉన్న కొలువుకు నేను ఎర్ర గుర్తు పెడుత. కొలువిచ్చేటోడు జీతమియ్యాలె గని మనతోని పైసలు అడుగుడేంది? ఇప్పటికే మోసపోతే ఆలస్యం చెయ్యకుండ 1930కి ఫోన్ కొట్టుండ్రి.

దీనికి హద్దులు సుత ఉన్నయి. ఆగకుండ అడిగితే సైటు 429 అని ఎర్రర్ ఇస్తది. అంటే మస్తుసార్లు అడిగినవు, ఆగు అని. మిషన్ తోని ఏరుకునుడు శానా సైట్ల రూల్స్ ఒప్పుకోవు. అది తెల్సుకొనే పని చెయ్యాలె. దినానికి ఒక్కపారి, ఇరవై ముప్పై కొలువులు, మన సొంతానికే. ఆ లిస్టు అమ్మితే మనం సుత ఆ కన్సల్టెన్సోనిలెక్కనే అయితం. సైటోళ్లు పేజీ మారిస్తే లైబ్రరీ కొన్నొద్దులు పనిచెయ్యది, కొత్త వెర్షన్ దించుకోవాలె. సర్కారు కొలువుల కోసం దీని మీద ఆధారపడొద్దు. టీజీపీఎస్సీ సైటు నేరుగ చూడుండ్రి. కేంద్రం 2015ల తెచ్చిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ల సుత ఉత్తగనే పేరు రాసుకోవచ్చు.

ఇంకొక్క ముచ్చట. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడి 2014ల రాష్ట్రం తెచ్చుకున్నం. కోడ్ కొలువులు పుట్టియ్యది, ఉన్నయి చూపెడ్తది అంతే. గని లెక్క చూపెడ్తది. హైదరాబాద్ అని కొడితే ఎన్ని వస్తున్నయి, మీ జిల్లా పేరు కొడితే ఎన్ని వస్తున్నయి, నెలనెల రాసిపెట్టుండ్రి. చిన్న ఊర్ల దుకాణాల కొలువులు నెట్‌ల పడయి, గదీ నిజమే. అయినా ఓట్లకొచ్చినోన్ని అడగనీకి నోటి మాట కన్నా చేతుల కాయితం గట్టిది.

ఆ పిలగాడు ఇప్పుడు తానే రోజు పొద్దుగాల కోడ్ నడుపుతుండు. రెండు ఇంటర్వ్యూలకు పోయొచ్చిండు. కొలువైతే ఇంక రాలే. గని మళ్ల ఎవనికీ పైస కట్టలే.