పైలట్ల కొలతలు – మన కొలతలు



మన నూజెండ్ల చేలల్లో పనిచేసేవారు ఒక్కోసారి తలెత్తి చూస్తే, చాలా ఎత్తున తెల్లని చార వదులుతూ విమానం పోవడం కనిపిస్తుంది. "ఎంత ఎత్తున పోతుంది? ఎంత వేగంతో పోతుంది?" అని పిల్లలు అడుగుతారు. పైలట్‌ను అడిగితే మన కిలోమీటర్లలో జవాబు చెప్పడు. "ఎత్తు 35,000 అడుగులు, వేగం 450 నాట్లు" అంటాడు. బస్సుకూ రైలుకూ సరిపోయిన కొలత విమానానికి ఎందుకు సరిపోలేదు? ఈ సంగతి తెలిసికొంటే మన కుటుంబాలకు పనికివచ్చే పాఠం ఒకటి దొరుకుతుంది.

దూరాన్ని పైలట్లు నాటికల్ మైళ్ళలో లెక్కిస్తారు. భూమధ్యరేఖ నుండి ధ్రువం వరకు 90 డిగ్రీలు. ఒక్కొక్క డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక్కో భాగాన్ని నిమిషం అంటారు. భూమిమీద ఆ ఒక్క నిమిషపు దూరమే రమారమి ఒక నాటికల్ మైలు. 1929లో దీనిని 1,852 మీటర్లుగా స్థిరపరచారు. మన నూజెండ్ల, వినుకొండ ప్రాంతం దాదాపు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. 16ను 60తో హెచ్చిస్తే 960. అంటే భూమధ్యరేఖ నుండి మనం సుమారు 960 నాటికల్ మైళ్ళ దూరంలో ఉన్నామని పటం చూడగానే చెప్పవచ్చు. ఒక రాజు మూరను బట్టో, ఒక వ్యాపారి తూమును బట్టో పుట్టిన కొలత కాదిది. దేవుడు చేసిన భూమినే ఆధారం చేసికొన్న కొలత.

గంటకు ఒక నాటికల్ మైలు వేగాన్ని ఒక నాట్ అంటారు. నాట్ అంటే ముడి. పూర్వం ఓడవారు పొడవైన తాడుకు సమదూరంలో ముడులు వేసి, కొసకు చెక్క కట్టి సముద్రంలో వదిలేవారు. ఇసుక గడియారంలో ఇసుక అయిపోయేలోగా ఎన్ని ముడులు చేతిలోనుండి జారితే ఓడ వేగం అన్ని నాట్లు. ఆ మాటే విమానాలకూ వచ్చింది. 450 నాట్లంటే గంటకు దాదాపు 830 కిలోమీటర్లు.

ఎత్తును మాత్రం ఎక్కువ దేశాల్లో అడుగుల్లోనే చెబుతారు. చైనాలో మీటర్లలో చెబుతారు. ఎత్తు చూపే పరికరం నిజానికి గాలి ఒత్తిడిని కొలుస్తుంది. పైకి పోయేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది గనుక దానినిబట్టి ఎత్తు తెలుస్తుంది. అయితే వాతావరణం మారినప్పుడు నేలమీది ఒత్తిడి కూడా మారుతుంది. అందుచేత దిగబోయే ముందు పైలట్ విమానాశ్రయం వారిని ఆనాటి ఒత్తిడి అడిగి, పరికరాన్ని దాని ప్రకారం సరిచేస్తాడు. ఈ ఒత్తిడిని మన దేశంలో హెక్టోపాస్కళ్ళలో చెబుతారు. పది హెక్టోపాస్కళ్ళు తప్పు పెడితే ఎత్తులో సుమారు 300 అడుగుల తేడా వస్తుంది. పరికరం బాగానే పనిచేస్తుంది, ముల్లు ఏదో ఒక అంకె చూపుతూనే ఉంటుంది. కాని ఆ అంకె అబద్ధం. పైలట్ ఎంత నేర్పరియైనా తన ప్రమాణాన్ని తానే ఊహించుకోరాదు, బయటినుండి తెలిసికోవలసిందే.

ప్రమాణం తారుమారైతే ఏమవుతుందో 1983 జులై 23న కెనడాలో కనబడింది. ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానానికి ఆనాటి ప్రయాణానికి 22,300 కిలోల ఇంధనం కావాలి. ఇంధనం కొలిచే మీటరు పనిచేయనందున చేతితో లెక్క వేశారు. ఆ దేశం అప్పుడే పౌండ్ల నుండి కిలోలకు మారుతున్నది. లీటరు ఇంధనం దాదాపు 0.8 కిలో, లేక 1.77 పౌండ్లు తూగుతుంది. వారు కిలోలు కావలసినచోట 1.77తో హెచ్చించారు. విమానంలో చేరినది కావలసిన దానిలో సగం కూడా లేదు. 41,000 అడుగుల ఎత్తున హెచ్చరిక గంట మోగింది. కాసేపటికి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్‌కు ఇంజను లేని గ్లైడర్ నడిపిన అనుభవం ఉండడంవల్ల గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరంలో విమానాన్ని దించగలిగాడు. దానిలోని 69 మందిలో ఒక్కరూ చనిపోలేదు. కూడిక, హెచ్చింపు తప్పలేదు, ప్రమాణం తప్పింది.

మన దేశంలో 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద జరిగినది ఇంతకంటె ఘోరం. ఢిల్లీ నుండి పైకి లేస్తున్న సౌదీ విమానానికి 14,000 అడుగులు, ఢిల్లీకి దిగుతున్న కజకిస్తాన్ విమానానికి 15,000 అడుగులు నిర్ణయించారు. కజకిస్తాన్ విమానం తనకిచ్చిన ఎత్తుకంటె కిందికి దిగిపోయింది. రెండూ ఆకాశంలోనే ఢీకొని 349 మంది మరణించారు. ఆ పైలట్లకు ఇంగ్లీషు అంతగా రాదనీ, అన్నిటికీ రేడియో ఆపరేటరు మీదనే ఆధారపడ్డారనీ విచారణలో తేలింది. నేలనుండి చెప్పిన మాట సరైనదే. విమానం నడిపేవారి చేతుల్లో అది అమలు కాలేదు.

ఇవి ఆకాశపు సంగతులని తీసివేయకండి. మన పల్నాడులో భూమిని సెంట్లలో చెబుతాం, కృష్ణ దాటి నల్లగొండ వైపు వెళితే కుంటల్లో చెబుతారు. ఎకరానికి 100 సెంట్లు, 40 కుంటలు. కనుక "ఇరవై" అన్న ఒక్కమాట ఇక్కడ ఎకరంలో ఐదోవంతు, అక్కడ అర ఎకరం. పెండ్లి మాటల్లో ఈ తేడా ఎంత గొడవ తెస్తుందో పెద్దలకు తెలుసు. అప్పు విషయం చూడండి. ఊళ్ళో "రెండు రూపాయల వడ్డీ" అంటే వందకు నెలకు రెండు, అనగా ఏడాదికి 24. బ్యాంకులో 12 శాతం అంటే ఏడాదికి పన్నెండు మాత్రమే. రెండు చిన్న అంకె, పన్నెండు పెద్ద అంకె అని మోసపోయినవాడు చేను పోగొట్టుకుంటాడు. బిడ్డ జ్వరానికి డాక్టరు 5 మిల్లీలీటర్ల మందు రాస్తే, తల్లి వంటింటి పెద్ద చెంచాతో పోస్తే అది మూడింతలు కావచ్చు. మందుతో వచ్చిన మూతతోనే కొలవండి, అమ్మలారా.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో పౌలు ఎక్కిన ఓడవారు అర్ధరాత్రి నీటి లోతు కొలిచారు. మొదట ఇరవై బారలు, కొంత దూరం పోయాక పదిహేను బారలు. ఒకే కొలతతో రెండుసార్లు కొలిచారు గనుక నేల దగ్గరపడుతున్నదని గ్రహించి లంగరులు వేశారు. ఓడ పగిలినా 276 మందీ దరిచేరారు. లేవీయకాండము 19వ అధ్యాయంలో దేవుడు తూకంలోను కొలతలోను న్యాయం కోరాడు. మన ప్రభువు కూడా, మనం ఇతరులను కొలిచే కొలతతోనే మనలను కొలుస్తారని హెచ్చరించాడు. అమ్మేటప్పుడు ఒక తూకం, కొనేటప్పుడు ఒక తూకం. కొడుకు తప్పుకు ఒక కొలత, కోడలి తప్పుకు ఇంకొక కొలత. ఇలా ఉన్న ఇంట్లో ప్రార్థన ఎంత జరిగినా ముల్లు అబద్ధమే చూపుతుంది. దేవుని వాక్యంతో ఆ ముల్లును ప్రతిదినం సరిచేసికోవాలి.

పైలట్లకు ఒక మంచి నియమం ఉంది. నేలనుండి ఎత్తు చెప్పగానే ఆ అంకెను తిరిగి పలుకుతారు. చెప్పినవారు విని, తప్పైతే వెంటనే దిద్దుతారు. అప్పు తీసుకున్నా, కౌలు మాట్లాడుకున్నా, మందు వాడినా, పెండ్లి మాటలు జరిగినా మనమూ అలాగే చేద్దాం. "ఎంత?" అని మాత్రమే కాక "ఏ లెక్కన?" అని కూడా అడుగుదాం. విన్నది తిరిగి చెప్పి, ఇద్దరూ ఒప్పుకున్నాకనే ముందుకు సాగుదాం.