లెమైత్రుని విశ్వారంభ సిద్ధాంతము: సృష్టిభావము

శాస్త్రమునకును క్రైస్తవ విశ్వాసమునకును గల సంబంధమును చర్చించువారు తఱచుగా 1633 నాటి గెలీలియో విచారణమును ఉదాహరించి, ఆ రెండింటికిని విరోధము సహజమందురు. మఱికొందఱు ప్రతి నూతన శాస్త్రవిషయమునందును విశ్వాసమునకు సాక్ష్యము వెదకుదురు. ఈ రెండు మార్గములను విడిచినవాడు బెల్జియము దేశస్థుడగు జార్జి లెమైత్రు.

ఆయన 1894లో జన్మించి, 1923లో కతోలిక గురుపట్టము పొంది, పిదప లూవేను విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ఐన్‌స్టీను సాపేక్షతా సిద్ధాంతము ననుసరించి, విశ్వము వ్యాకోచించుచున్నదని 1927లో ప్రతిపాదించెను. విశ్వమంతయు మొదట ఒక్క ఆదిమ పరమాణువుగా నుండి, అది భిన్నమగుటచే నేటి స్థితికి వచ్చినదని 1931లో ఊహించెను.

ప్రతిపాదకుడు మతగురువగుటచే, ఇది బైబిలు సృష్టికథకు గణితరూపమని కొందఱు శంకించిరి. ఇందుకు భిన్నముగా, పన్నెండవ పయస్ పోపు 1951లో వాటికను విజ్ఞాన పరిషత్తున ప్రసంగించుచు, నవీనశాస్త్రము సృష్టిభావమును సమర్థించుచున్నదని హర్షించెను. శంకకును హర్షమునకును మూలమైన తలంపు ఒక్కటే: విశ్వారంభమును గూర్చిన సిద్ధాంతము సృష్టికర్తను గూర్చిన వాదమని. లెమైత్రు దీని నంగీకరింపలేదు. తన సిద్ధాంతము తత్త్వ, మత ప్రశ్నలకు వెలుపలిదనియు, భౌతికవాది పరమాత్మను నిరాకరించుటకు అది అడ్డురాదనియు 1958 నాటి సాల్వే సమావేశమున స్పష్టము చేసెను.

ఇచ్చట రెండర్థములను వేఱుపఱుపవలెను. ఆరంభము కాలమునకు సంబంధించినది. సృష్టి యనగా జగత్తు తన ఉనికికి దేవునిపై ఆధారపడుట. జగత్తు అనాదియైనను దేవసృష్టమే కావచ్చుననుటలో వైరుధ్యము లేదని 13వ శతాబ్దిలోనే థామస్ అక్వినాసు వాదించెను. జగత్తునకు ఆది కలదనుట ఆయనకు విశ్వాసవిషయమే కాని, తర్కముచే నిరూపింపదగినది కాదు.

ఈ భేదము కేవలము పదచర్చ కాదు. 1951 నాటికి, 1948లో వెలువడిన స్థిరస్థితి సిద్ధాంతము లెమైత్రు మతమునకు ప్రబలమైన ప్రతిపక్షముగా నుండెను. 1965లో పెన్జియాసు, విల్సనులు ప్రకటించిన సూక్ష్మతరంగ వికిరణము విశ్వము అత్యుష్ణస్థితినుండి వ్యాకోచించెనను భావమును బలపఱచినది. ఆదిమ పరమాణువు భిన్నమయ్యెనను వివరము మాత్రము నిలువలేదు. ఆ వివరమునే విశ్వాసమునకు ఆధారముగా గొన్నచో, దానితోపాటు విశ్వాసమును సడలవలసినదే. లేదా, విశ్వాసమును కాపాడుటకై శాస్త్రము తన్ను తాను దిద్దుకొను స్వాతంత్ర్యమును కోల్పోవలసినదే.

లెమైత్రు 1960లో ఆ వాటికను పరిషత్తునకే అధ్యక్షుడై, 1966లో మరణించువఱకు ఆ పదవియందుండెను. కావున ఆయన చూపిన నిగ్రహమును విశ్వాసలోపముగా నెంచుట తగదు. అది శాస్త్రమునకును, విశ్వాసమునకును సమానముగా చూపిన గౌరవము.