తెల్లగీత వెంట పరుగెత్తిన బలరాం

1960 ఆగస్టు 26. ఇటలీ దేశంలో కొండల నడుమ నెలకొన్న లాక్విలా పట్టణం. రోమ్ ఒలింపిక్ క్రీడలలో భాగంగా ఆనాడు అక్కడ భారత ఫుట్‌బాల్ జట్టు హంగరీతో తలపడుతోంది. ఆ కాలంలో హంగరీ పేరు చెబితే ఎంతటి జట్టుకైనా గుండె జారేది. ఆ జట్టులోని ఫ్లోరియన్ ఆల్బర్ట్ అనే పద్దెనిమిదేళ్ల యువకుడు మరి ఏడేళ్లకు ఐరోపా ఖండంలోకెల్లా ఉత్తమ క్రీడాకారుడిగా ఎంపిక కానున్నాడు. ఆనాటి ఆటలో కూడా ఒక గోలు అతడిదే.

డెబ్బై తొమ్మిదో నిమిషం వచ్చేసరికి హంగరీ రెండు గోళ్లు చేసింది. భారతదేశం ఒక్కటీ చేయలేదు. అప్పుడు భారత జట్టులో ఎడమ అంచున ఆడుతున్న బక్కపలచని యువకుడొకడు బంతిని హంగరీ గోలులోకి పంపాడు. ఆట 2-1తో ముగిసింది. భారతదేశం ఓడింది నిజమే. కాని ఎనిమిదేళ్ల క్రితం, 1952లో, హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయిన దేశం, ఆ తరువాత కాంస్య పతకం గెలుచుకొన్న హంగరీకి చివరి నిమిషం వరకూ ఊపిరి సలపనివ్వలేదు. రోమ్ ఒలింపిక్స్‌లో భారతదేశం చేసినవి మొత్తం మూడు గోళ్లు. వాటిలో రెండు, హంగరీపై ఒకటి, పెరూపై మరొకటి, ఆ యువకుడివే.

అతడి పేరు తులసీదాస్ బలరాం. ఊరు సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడ. ఆడుతున్నది కలకత్తాలో.

అంచున నిలిచేవాడు

ఆ రోజుల్లో జట్టు ముందు వరుసలో ఐదుగురు ఉండేవారు. ఇద్దరు ఇరువైపులా మైదానపు అంచు గీత వెంట ఆడేవారు. వారే వింగర్లు. ఎడమవైపువాడిని 'అవుట్‌సైడ్ లెఫ్ట్' అనేవారు. ఈ స్థానంలో ఆడడం కనిపించినంత తేలిక కాదు. ఒక పక్కన గీత. అది దాటితే బంతి పోయినట్లే. రెండో పక్కన కాచుకొని ఉండే రక్షకుడు. ఆ ఇరుకులోనే పరుగెత్తాలి, ఎదుటివాడిని ఏమార్చాలి, తలయెత్తి చూడాలి, గోలు ముందు నిలిచిన తోటివాడి కాలికో తలకో అందేటట్లు బంతిని పంపాలి. గోలు పడితే చప్పట్లు వేసినవాడికి. దారి తెరిచినవాడి పేరు పత్రికలో రావచ్చు, రాకపోవచ్చు.

బలరాం ఈ విద్యలో ఆరితేరినవారు. అంతేకాదు, అవసరమైనప్పుడు లోపలికి చొచ్చుకువచ్చి తానే గోలు చేయగలరు. ముందు వరుసలో ఏ స్థానంలో నిలిపినా ఆడగలరు. కుడివైపున ప్రదీప్ కుమార్ బెనర్జీ, లోపల చునీ గోస్వామి, ఎడమవైపున బలరాం: ఈ ముగ్గురి పేర్లను ఒక్క ఊపిరిలో పలకడం ఆనాటి అభిమానులకు అలవాటు.

అమ్ముగూడ నుంచి

బలరాం 1936లో పుట్టారు. ఇల్లు పేదది. సికింద్రాబాదు దండు ప్రాంతంలో సైనికుల ఆట చూసి పిల్లలు ఫుట్‌బాల్ నేర్చుకొనేవారు. వట్టికాళ్లతో ఆడడం వారికి కొత్త కాదు. బూట్లే కొత్త. కొనే స్తోమత లేదు. తల్లి ఇచ్చిన కొద్దిపాటి డబ్బుతో, పోలీసులు వాడి పారవేసిన పాత బూట్లను బంతాటకు పనికివచ్చేటట్లు కుట్టించుకొన్నానని ఆయన పెద్దయ్యాక చెప్పుకొనేవారు.

ఈ కుర్రవాడు సయ్యద్ అబ్దుల్ రహీం కంటబడ్డాడు. అది అతడి జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన. రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో బంగారు పతకం సాధించిన భారత జట్టుకూ ఆయనే శిక్షకులు. అటువంటి రహీం, హైదరాబాదుకు వచ్చి అభ్యాసం చేయమని బలరాంను పిలిచారు. రానూ పోనూ బస్సు ఛార్జీలకు డబ్బు లేదన్నాడు బలరాం. రహీం అతడికొక సైకిల్ ఏర్పాటు చేశారు. అమ్ముగూడ నుంచి హుస్సేన్ సాగర్ అవతలికి ఆ సైకిల్ మీద మొదలైన ప్రయాణమే మెల్బోర్న్, టోక్యో, రోమ్, జకార్తాల వరకు సాగింది.

1956, 1957 సంవత్సరాలలో హైదరాబాద్ జట్టు వరుసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీని గెలుచుకొన్నది. బలరాం ఆ జట్టులో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అవతరించిన 1956 నవంబరు నెలలోనే మెల్బోర్న్ ఒలింపిక్స్ ఆరంభమయ్యాయి. ఆ భారత జట్టులో హైదరాబాదువారు ఎందరో ఉన్నారు. వారిలో బలరాం ఒకరు. జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది, చివరకు నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం ఇప్పటికీ అంతకుమించి ఎక్కలేదు.

కలకత్తా మైదానం

1957లో బలరాం కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో ప్రవేశించారు. ఆ నగరంలో ఫుట్‌బాల్ కేవలం ఆట కాదు. అది ఇంటి గౌరవం, ఊరి అభిమానం. మోహన్ బగాన్ 1889లో పుట్టిన క్లబ్బు. ఈస్ట్ బెంగాల్ 1920లో పుట్టింది. దేశ విభజన తరువాత తూర్పు బెంగాల్‌లో ఇల్లూ వాకిలీ విడిచివచ్చిన లక్షలాది శరణార్థులకు, పోగొట్టుకొన్న నేల పేరు మిగిలింది ఆ క్లబ్బు జెండా మీదనే. ఈస్ట్ బెంగాల్ గెలిచిన రోజున పులస చేపకు, మోహన్ బగాన్ గెలిచిన రోజున రొయ్యలకు గిరాకీ పెరుగుతుందని అక్కడ వాడుక. లీగ్ ఆటలు జరిగేది వానకాలంలో. మోకాటి బురదలో, ఎడతెగని వానలో, గొడుగులు పట్టుకొని వేలాదిమంది నిలబడి చూసేవారు.

ఆ క్లబ్బుకు దక్షిణాదివారు కొత్త కాదు. బలరాం రాకకు ముందే వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే అనే ఐదుగురు దక్షిణాది ఆటగాళ్లను బెంగాలీ అభిమానులు 'పంచపాండవులు' అని ముద్దుగా పిలుచుకొన్నారు. 1953లో ఈస్ట్ బెంగాల్ జట్టు రుమేనియా రాజధాని బుకారెస్టులో జరిగిన ప్రపంచ యువజనోత్సవానికి వెళ్లి ఆడివచ్చింది. ఒక భారతీయ క్లబ్బు తూర్పు ఐరోపాకు వెళ్లి అక్కడి జట్లతో ఆడడం ఆ రోజుల్లో సామాన్యమైన విషయం కాదు. అంతటి వారసత్వమున్న ముందు వరుసలో, ఇరవై ఒకటో ఏట, భాష కూడా రాని ఊళ్లో బలరాం నిలబడవలసి వచ్చింది.

ఆయన నిలబడ్డారు. 1958లో ఈస్ట్ బెంగాల్ ఐ.ఎఫ్.ఎ. షీల్డును గెలుచుకొన్నది. 1961లో క్లబ్బు నాయకత్వం ఆయనకే దక్కింది. 1952 తరువాత తొమ్మిదేళ్లపాటు చేజారిన కలకత్తా లీగ్ ఆ ఏడాది తిరిగి వచ్చింది. లీగ్‌లో అందరికంటె ఎక్కువ గోళ్లు, ఇరవై మూడు, నాయకుడివే. అంచున ఆడేవాడు గోళ్ల పట్టికలో మొదటివాడు కావడం అరుదు. 1962లో భారత ప్రభుత్వం ఆయనకు అర్జున పురస్కారమిచ్చింది.

జకార్తా

అదే సంవత్సరం జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఇండొనేషియా రానివ్వకపోవడాన్ని భారతీయ ప్రతినిధి ఒకరు తప్పుపట్టడంతో అక్కడి జనం మనపై కత్తిగట్టారు. మన రాయబార కార్యాలయంపై దాడి కూడా జరిగింది. మొదటి ఆటలో దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించింది. ఆపైన థాయిలాండ్‌పై 4-1తో, జపాన్‌పై 2-0తో గెలిచాము. ఈ రెండింటిలోనూ బలరాం గోలు ఉన్నది. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచిన తరువాత, సెప్టెంబరు 4న ఫైనల్‌లో ఎదురైనది మళ్లీ కొరియాయే.

భారతీయుల పేరు వినిపిస్తేనే ఈసడించే లక్షమంది నడుమ మనవారు ఆడారు. బెనర్జీ ఒక గోలు, తలకు గాయమైన జర్నైల్ సింగ్ ఒక గోలు చేశారు. 2-1తో బంగారు పతకం మనదైంది. ఆనాటి గోళ్ల పట్టికలో బలరాం పేరు లేదు. కాని ఆ ఫైనల్ దాకా జట్టును చేర్చిన మెట్లపై ఆయన అడుగుజాడలున్నవి. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి అదే ఆఖరి బంగారు పతకం.

ఒకే ఏడాది రెండు దెబ్బలు

జకార్తాలో జట్టును నడిపించేనాటికే రహీంను క్యాన్సర్ పీడిస్తోంది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. సైకిల్ ఇచ్చి ఆటకు పిలిచిన గురువు పోయిన ఆ ఏడాదే శిష్యుడి ఆట కూడా ముగిసింది. అప్పటికి ఈస్ట్ బెంగాల్‌ను విడిచి బలరాం రైల్వేవారి బి.ఎన్.ఆర్. జట్టులో చేరారు. ఊపిరితిత్తుల వ్యాధి సోకడంతో ఇక ఆడరాదని తేలింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్లు. వింగర్‌కు కాళ్ల తరువాత కావలసింది ఊపిరే. కాళ్లలో వేగముండగానే ఊపిరి సహకరించడం మానింది.

ఆయన హైదరాబాదుకు తిరిగిపోలేదు. రైల్వే ఉద్యోగం చేసుకొంటూ, బి.ఎన్.ఆర్. జట్టుకు శిక్షణ ఇస్తూ బెంగాల్‌లోనే ఉండిపోయారు. పెళ్లి చేసుకోలేదు. కలకత్తాకు ఎగువన, హుగ్లీ నది ఒడ్డున ఉన్న ఉత్తరపాడాలో ఒక ఫ్లాటులో ఒంటరిగా జీవితం గడిపారు.

దక్కనివి, దక్కించుకొన్నది

ముగ్గురిలో చునీ గోస్వామికి 1983లోను, బెనర్జీకి 1990లోను పద్మశ్రీ లభించింది. బలరాంకు చివరి దాకా రాలేదు. ఈ బాధను ఆయన దాచుకోలేదు. అలాగని ఎవరి వాకిట్లోనూ నిలబడి చేయి చాచలేదు. నూటికి పైగా గోళ్లు చేసిపెట్టిన క్లబ్బుతో మనసు విరిగింది. విరిగిన మనసుతోనే దూరంగా ఉండిపోయారు.

దీనిని మొండితనమని కొందరు అనవచ్చు. ఎన్నో దశాబ్దాలు గడిచినా అలక తీరకపోవడమేమిటని అడగవచ్చు. కాని ఒక్క మాట ఆలోచించాలి. ఆ తరంవారు ధనం కోసం ఆడలేదు. ఆడినా వచ్చేది కాదు. నేటి ఆటగాడు ఒక ఏడాదిలో సంపాదించేది ఆనాటివారు కలలోనైనా చూడలేదు. ఆట ఆగిన నాడు వారికి మిగిలింది రెండే: చేసిన పని, దానిని గుర్తించే మనుషులు. రెండోది ఇతరుల చేతిలో ఉన్నది. అది అందనప్పుడు, తన చేతిలో ఉన్న ఒకే ఒక వస్తువును, ఆత్మగౌరవాన్ని, ఆయన గట్టిగా పట్టుకొన్నారు. గీతకూ రక్షకుడికీ నడుమ మిగిలిన జానెడు చోటులో బంతిని కాపాడుకోవడం ఆయనకు చిన్ననాటి నుంచీ తెలిసిన విద్యే కదా!

2020 మార్చి 20న బెనర్జీ, ఏప్రిల్ 30న చునీ గోస్వామి పరమపదించారు. ముగ్గురిలో మిగిలిన ఆఖరివారు బలరాం. 2023 ఫిబ్రవరి 16న, ఎనభై ఆరో ఏట, కోల్‌కతా ఆసుపత్రిలో ఆయన కూడా కన్నుమూశారు. తన పార్థివ దేహాన్ని క్లబ్బుకు తీసుకుపోవద్దని ఆయన కోరినట్లు అప్పటి పత్రికలు రాశాయి. మరుసటి ఏడాది, 2024 ఏప్రిల్‌లో, రహీం జీవితకథ ఆధారంగా తీసిన 'మైదాన్' అనే హిందీ చిత్రం విడుదలైంది. అందులో బలరాం పాత్ర కూడా ఉన్నది. తెరమీద తన పేరు వినిపించేనాటికి, వినవలసిన మనిషి లేడు.

సికింద్రాబాదులో ఈనాటికీ ఖాళీ జాగాలలో పిల్లలు బంతి తన్నుతూనే ఉంటారు. వారిలో ఎవడో ఒకడు ఎడమ అంచున పరుగెత్తి, తలయెత్తి చూసి, గోలు ముందున్న స్నేహితుడికి బంతిని అందిస్తాడు. గోలు పడుతుంది. అందరూ వేసినవాడి మీదికి ఉరుకుతారు. అప్పుడొక్క క్షణం తల తిప్పి, గీత దగ్గర ఒంటరిగా నిలబడి రొప్పుతున్నవాడి వైపు కూడా చూడడం మనం నేర్చుకొంటే, బలరాంకు బాకీపడినదానిలో కొంతైనా తీర్చినవారమవుతాము.