రీలు కొనేముందు ఎర బరువు తూచండి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయండి అంటే, పోటీ పరీక్షల గురించి రాద్దామని మొదట అనుకున్నాం. అవి రాయడానికి మాకంటే తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నం వార్డెన్ సారు కన్నుగప్పి చెరువు గట్టుకు పోయిన అలవాటున్న వాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటి మాత్రం మేము డబ్బులు పోగొట్టుకొని మరీ నేర్చుకున్నాం. అదే రాస్తున్నాం.

మేమంటే ఏడో నంబరు గదిలో ఉన్న ముగ్గురం. ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లం మేమే. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. మాలో ఒకరి నాన్నను అందరం బాపు అనే పిలుస్తాం. కూలి పని దొరకని రోజు బాపు గాలం పట్టుకొని చెరువుకు పోతాడు. వెదురు కర్ర, నైలాన్ దారం, జొన్న బెండు, వానపాములు, అంతే ఆయన సరంజామా. కర్ర ఎంత పొడవుంటే గాలం దాదాపు అంత దూరమే పడుతుంది కాబట్టి నడుము లోతు నీళ్లలో దిగి నిలబడేవాడు. రెండేళ్ల కింద వానాకాలంలో, ఎవరో మొరం తవ్విన గుంతలో కాలు పడి మునిగిపోయాడు. దగ్గర్లో బట్టలు ఉతికేవాళ్లు ఉండబట్టి బతికాడు. చేపలు పట్టడం మానెయ్యమంటే వినడు. ఒడ్డు మీద నిలబడి దూరంగా విసిరేలా రీలున్న కర్ర కొనిద్దామని ముగ్గురం అనుకున్నాం. స్కాలర్‌షిప్పులో మిగిల్చిన డబ్బులు మూడు వేల చిల్లర అయ్యాయి. అక్కడే తప్పు చేశాం. దాని సంగతి చెప్పేముందు రీళ్లు ఎన్ని రకాలో చెప్పాలి.

చెరువుల్లో, నదుల్లో వాడేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి స్పిన్నింగ్ రీలు. ఇది కర్రకు కింది వైపు వేలాడుతుంది. దారం చుట్టి ఉండే స్పూలు, విసిరేటప్పుడు తిరగదు. ముందున్న వంపు తీగను, దాన్ని బెయిల్ అంటారు, పైకెత్తి విసిరితే దారం స్పూలు అంచు మీది నుంచి చుట్లు చుట్లుగా జారిపోతుంది. హ్యాండిల్ తిప్పితే ఆ తీగే స్పూలు చుట్టూ తిరుగుతూ దారాన్ని మళ్లీ చుడుతుంది. సిరిసిల్ల నుంచి వచ్చిన తమ్ముళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. సాంచాలో నాడె పరుగెత్తేటప్పుడు లోపలి కండె తిరుగుతుందా? తిరగదు. నూలు కండె కొస నుంచి జారుతుంది. ఇదీ అంతే. 1905లో ఇంగ్లండులో ఈ తరహా రీలుకు పేటెంటు తీసుకున్న ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ కూడా బట్టల మిల్లుల మనిషే.

రెండోది బెయిట్‌కాస్టింగ్ రీలు. ఇది కర్ర మీద కూర్చుంటుంది. దీని స్పూలు బావి గిలకలా తిరుగుతుంది. విసిరినప్పుడు ఎర ముందుకు పోతూ దారాన్ని లాగుతుంది, దారం స్పూలును తిప్పుతుంది. చిక్కంతా ఇక్కడే. గాలికి ఎర వేగం తగ్గుతుంది, కానీ తిరుగుతున్న స్పూలు జడత్వం వల్ల అదే వేగంతో తిరుగుతూనే ఉంటుంది. అంటే ఎర తీసుకుపోయే దానికంటే ఎక్కువ దారాన్ని అది వదులుతుంది. ఆ దారం పోవడానికి చోటు లేక స్పూలు మీదే ఉబ్బి, జడలు కట్టిన జుట్టులా అవుతుంది. దీన్నే బ్యాక్‌లాష్ అంటారు. అది రాకుండా బొటనవేలితో స్పూలును మెత్తగా అదిమి ఉంచాలి, ఎర నీటిని తాకే క్షణంలో పూర్తిగా ఆపాలి. సాయంగా లోపల బ్రేకులు కూడా ఉంటాయి. వాటిలో అయస్కాంతపు బ్రేకు, మనం ఇంటర్లో మార్కుల కోసం బట్టీ పట్టిన ఎడ్డీ కరెంట్లతోనే పనిచేస్తుంది. అప్పుడు చెరువు గట్టు మీద ఎవరైనా ఇది చూపించి ఉంటే ఆ పాఠం మాకు జన్మలో మరిచిపోయేది కాదు.

ఇప్పుడు మా తప్పు. వీడియోల్లో పెద్ద పెద్ద చేపలు పట్టేవాళ్లందరి చేతుల్లో బెయిట్‌కాస్టింగ్ రీలే కనబడింది. నల్లగా, నున్నగా, చిన్న ఇంజనులా ఉంది. బేరింగులు ఎక్కువున్నాయని దుకాణంలో చెబితే మురిసిపోయాం. (బేరింగులు ఎన్ని అన్నది కాదు, ఎంత మంచివి అన్నదే లెక్క అని తర్వాత తెలిసింది.) దానికి సరిపోయే గట్టి కర్ర కూడా తీసుకున్నాం. పండుగకు బాపు చేతిలో పెట్టాం. బాపు వానపాము గుచ్చి, చిన్న సీసం గుండు కట్టి విసిరాడు. ఎర నాలుగు గజాల అవతల పడింది. దారం మొత్తం స్పూలు మీద చిక్కుబడింది. మళ్లీ విసిరాడు. మళ్లీ అదే. చీకటి పడేదాకా ఒడ్డున కూచొని, బీడీ మీద బీడీ తాగుతూ, ఒక్క మాట అనకుండా చిక్కు తీశాడు. "ఇది నాతోని కాదు బిడ్డా, పైసలు ఖరాబు చేసిండ్రు" అన్నాడు. మరునాడు వెదురు కర్ర పట్టుకొని మళ్లీ నీళ్లలోకి దిగాడు.

బాపుకు చేత కాలేదని మేమూ అనుకున్నాం. నిజానికి అది ఎవరికీ చేత కాదు. బాపు కట్టే గాలం, గుండు, వానపాము కలిపి ల్యాబులో త్రాసు మీద తూచాం (వానపామును చూసి అటెండరన్న తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేం). నాలుగు గ్రాములు. మేము కొన్న కర్ర మీద పిడికి కొంచెం పైన చిన్న అక్షరాలతో 10 నుంచి 30 గ్రాములు అని రాసి ఉంది. అది కొన్న నాడు చదవలేదు. కర్ర దారాన్ని పట్టుకునే కట్టె మాత్రమే కాదు, విసిరేటప్పుడు విల్లులా వంగి ఎరను తోయాలి. నాలుగు గ్రాములకు ఆ కర్ర వంగనే వంగదు. ఆ బరువు అంత లావు స్పూలును తిప్పనూ లేదు. విసిరేవాడు బలమంతా చేత్తో పెడతాడు, స్పూలు ఒక్క కుదుపుతో తిరుగుతుంది, ఎర వెనకబడుతుంది, చిక్కు.

కాబట్టి మొదట ఎర బరువు తూచండి. గాలం, గుండు, ఎర అన్నీ కలిపే. ఆ బరువును బట్టి కర్ర, కర్రను బట్టి రీలు. మేము దీన్ని తిరగేసి చేశాం. ఎర 7, 8 గ్రాముల లోపు ఉంటే స్పిన్నింగ్ తప్ప వేరే ఆలోచన వద్దు. స్పూలు తిరగక్కరలేదు కాబట్టి తేలిక ఎర కూడా దారాన్ని లాక్కుపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకూ ఇదే. ఇంకో లాభం, చాలా స్పిన్నింగ్ రీళ్లకు హ్యాండిల్ ఏ వైపుకైనా మార్చుకోవచ్చు. బెయిట్‌కాస్టింగుకు కుడిదో ఎడమదో కొనేటప్పుడే తేల్చుకోవాలి.

కర్ర మీద మిగతా రాతలు కూడా చూడండి. ఎల్ అంటే లైట్, ఎం అంటే మీడియం, ఎంహెచ్ అంటే మీడియం హెవీ. ఇది కర్ర ఎంత బలానికి వంగుతుందో చెబుతుంది. ఫాస్ట్, మోడరేట్ అని ఉండేది వేరే సంగతి, ఎక్కడ వంగుతుందో చెబుతుంది. ఫాస్ట్ కర్ర కొస దగ్గరే వంగుతుంది, మోడరేట్ నడుము దాకా వంగుతుంది. బరువు కొన్నిటి మీద ఔన్సుల్లో ఉంటుంది, పావు ఔన్సు అంటే 7 గ్రాములు. దారం పౌండ్లలో ఉంటుంది, 10 పౌండ్లంటే సుమారు నాలుగున్నర కిలోలు.

ఒక రకం కర్రకు ఇంకో రకం రీలు బిగించకండి. స్పిన్నింగ్ కర్రకు దారం పోయే రింగులు కింద ఉంటాయి, మొదటి రింగు చాలా పెద్దది. చుట్లు చుట్లుగా వచ్చే దారాన్ని అది సర్దుతుంది. బెయిట్‌కాస్టింగ్ కర్రకు రింగులు పైన, చిన్నవిగా ఉంటాయి. పిడి కింద వేలు ఆనించుకునే కొక్కెం కూడా ఉంటుంది. తారుమారైతే దారం రాసుకుంటుంది, దూరం పోదు.

బాపుకు రెండోసారి కొన్నది 2500 సైజు స్పిన్నింగ్ రీలు, ఆరున్నర అడుగుల లైట్ కర్ర. 3 నుంచి 10 గ్రాములు అని దాని మీద రాసి ఉంది. 8 పౌండ్ల నైలాన్ దారం నింపాం. స్పూలు అంచుకు రెండు మిల్లీమీటర్లు తక్కువగా నింపాలి. మరీ నింపితే చుట్లు ఊడిపడతాయి, తక్కువైతే దూరం పోదు. బెయిల్‌ను హ్యాండిల్ తిప్పి కాకుండా చేత్తో మూయాలి, లేకపోతే దారం మెలికలు పడుతుంది. చేప లాగితే దారం వదిలే బిగింపును డ్రాగ్ అంటారు. దాన్ని దారం బలంలో నాలుగో వంతుకు మించి బిగించొద్దు. తవుడు, పల్లి చెక్క ముద్దతో బొచ్చె, రవ్వ కోసం వేసేవాళ్లకు ఈ కర్ర చాలదు. ముద్ద బరువే ఎక్కువ కాబట్టి 4000 సైజు రీలు, గట్టి పొడుగు కర్ర కావాలి.

మరి ఆ మొదటి రీలు? దాన్ని మేము తెచ్చుకున్నాం. కొర్రమీను, మావైపు కొర్రమట్ట అంటాం, తెలంగాణ రాష్ట్ర చేప అదే, దానికి ఈ రీలు బంగారం. తామరాకుల మధ్య ఉండే చేప అది. 12 గ్రాముల రబ్బరు కప్పను ఆకుల మీదుగా లాగాలి. అది అందుకున్నాక నాచులోకి దూరకముందే బలంగా గుంజాలి. లావు దారం, గట్టి కర్ర, ఒక తిప్పుకు స్పూలు ఏడుసార్లు తిరిగే రీలు అక్కడ పనికొస్తాయి. విసరడం నేర్చుకోవడానికి మాకు నెల పట్టింది. స్పూలు పక్కనున్న మరను బిగించి, ఎర తన బరువుకు తాను మెల్లగా దిగేలా, నేలను తాకగానే స్పూలు ఆగేలా సర్దుకొని మొదలుపెట్టాలి. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద కనబడితే మాత్రం అక్కడ వేయకండి. తల్లీతండ్రీ కిందే కాపలా ఉంటాయి, వాటిని పడితే ఆ పిల్లలు బతకవు. చాలా చెరువుల మీద హక్కు మత్స్య సహకార సంఘాలది. ముందే అడగండి. చేపపిల్లలు వదిలి సాకేది వాళ్లు.

బాపు హ్యాండిల్‌ను ఎడమ వైపుకు మార్చుకున్నాడు. ఇప్పుడు కట్ట మీది రాయి దగ్గర నిలబడి ఇరవై గజాల అవతలికి వేస్తున్నాడు, చెప్పులు కూడా తడవడం లేదు. వెదురు కర్ర మాత్రం ఇంటి చూరులోనే ఉంది, తీసేస్తామంటే ఒప్పుకోడు.