మైకు పెట్టెలోని తూము

గృహకృత్యములను గూర్చియు, శిశుపోషణమును గూర్చియు వ్రాయుట మనకు వాడుక. నేడు నేను మైకు పెట్టెను గూర్చి వ్రాయబూనితిని. ఇది పురుషుల పని యని పుట త్రిప్పివేయకుడు. పాలు తోడుపెట్టుటకు కావలసినంత యోపికయే దీనికిని చాలును.

బుక్కరాయసముద్రమున మా అవ్వకు ఎనుబది యేండ్లు దాటినవి. ఆమె పాడు విసురురాతి పాటలు ఏ పుస్తకమునను లేవు. అవి ఆమెతోనే పోవునేమో యని వెరచి, భజనమందిరమునందలి పాత మిక్సరును తెచ్చి, ఆమె గానమును రికార్డు చేయబూనితిని. అవ్వ గొంతు మిక్కిలి సన్నము. మర యెంత త్రిప్పినను పాటకంటె రొదయే హెచ్చుగా వినవచ్చెను. అవ్వ విని నవ్వి, “ఏమ్మీ, ఊర్లో కురవని వాన ఈ పెట్టెలో కురుస్తాండాదే!” అనెను. ఏటికి ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వానతో బ్రదుకు సీమలో ఆ మాట నవ్వును, నొప్పిని గూడ కలిగించినది.

ఈ రొద యెక్కడిది? మైకునుండి వచ్చు విద్యుత్తు అత్యల్పము. మామూలు మాటకు వోల్టులో వేయవ వంతో, రెండు వంతులో మాత్రమే. మిక్సరులోని తక్కిన భాగములకు ఇంచుమించు ఒక వోల్టు కావలయును. కావున దానిని వేయింతలు పెంచవలసియున్నది. ఈ పెంపునకు తొలి మెట్టు ప్రీయాంప్లిఫయరు. ఇచ్చట చేరిన రొదను పిమ్మటి మెట్టులన్నియు పాటతోపాటు పెంచును. పాలు పిండు చెంబునందే మన్నున్నచో, కాచినను తోడుపెట్టినను అది పోవునా?

ఈ మెట్టునకు ప్రాణము ట్రాన్సిస్టరు. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్ అను వారు దీనిని తొలుత పనిచేయించి చూపిరి. వారికిని, షాక్లీకిని 1956లో నోబెలు బహుమానము లభించినది. మన చెరువుగట్టు నెరిగినవారికి దీని మర్మము సులభముగా తెలియును. తూము తలుపును చేతితో కొంచె మెత్తినచో కాలువలో నీరు వెల్లువగా పారును. చేయి నీటిని పుట్టింపదు, పారుదలను శాసించును. అట్లే మైకునుండి వచ్చు చిన్న విద్యుత్తు ‘బేసు’ అను కాలిని చేరి, ‘కలెక్టరు’ నుండి ‘ఎమిటరు’నకు పారు పెద్ద ప్రవాహమును శాసించును. చెరువులో నీరు బ్యాటరీయే.

మా మిక్సరులోని తొలి మెట్టు 12 వోల్టులపై నడచును. బేసునకు 100 కిలో ఓములు, 12 కిలో ఓములు గల రెండు రెసిస్టర్లు. కలెక్టరునకు 10 కిలో ఓములు. ఎమిటరునకు 1 కిలో ఓము. ఈ కూర్పునకు పెంపు ఇంచుమించు పదింతలే. తొలిమెట్టు ఇంత తక్కువ పెంచుటచే, మిగిలిన భారమంతయు వెనుకటి మెట్టులపై బడి, వాని రొద పాటను ముంచెను.

నేను చేసిన మార్పులు మూడు. పాత ట్రాన్సిస్టరును తీసి, రొద తక్కువగల బీసీ 549సీ రకమును పెట్టితిని. పాత కార్బను రెసిస్టర్లకు బదులు మెటల్ ఫిల్ము రెసిస్టర్లను చేర్చితిని. ఎమిటరునుండి భూమి తీగకు 100 ఓముల రెసిస్టరును, 220 మైక్రోఫారడుల కెపాసిటరును వరుసగా కలిపితిని. దీనిచే పెంపు డెబ్బది యింతలు దాటినది. కలెక్టరు కడ మీటరుతో చూడగా ఇంచుమించు ఐదున్నర వోల్టు లున్నచో కూర్పు సరిగా నున్నట్లే. అయితే పెంపు హెచ్చినకొలది గట్టి ధ్వనులు చీలిపోవును. మైకు చెంత డప్పు మ్రోగినచో వినజాలము. అందుచే ఆ కెపాసిటరు దారిలో ఒక చిన్న స్విచ్చి నుంచితిని. అవ్వకు వేయుదును, డప్పునకు తీయుదును.

ఒక హెచ్చరిక. ఈ మెట్టు 12 వోల్టులదే యైనను, మిక్సరు పెట్టెలో 230 వోల్టుల భాగ ముండును. గోడనుండి తీగ తీయక మూత విప్పరాదు. కెపాసిటరు ధన ఋణములను తారుమారు చేయరాదు.

ఇట్టి పని మన స్త్రీలకు క్రొత్తదికాదు. నాటి మెదక్ జిల్లా జహీరాబాదు చెంత మాచునూరులో 2008 అక్టోబరు 15న ‘సంఘం రేడియో’ ఆరంభమైనది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములకు చెందిన దళిత స్త్రీలు దానిని నడపిరి. నర్సమ్మ యను పేరుగల యిరువురు యువతులు స్టూడియో పనులు నేర్చి, విత్తనములను గూర్చి, చిరుధాన్యములను గూర్చి, తమ పాటలను గూర్చి తమ పలుకుబడిలోనే 90.4 మెగాహెర్ట్జులపై వినిపించిరి. మెట్టపొలముల స్త్రీల మాట గాలిలో ప్రయాణించుటకు పట్టణపు పెద్దల యనుగ్రహ మక్కరలేదని వారు నిరూపించిరి.

నేడు ఈ పెంపునంతను ఒక్క చిన్న ఐసీ చేయగలదు. అయినను విడివిడి భాగముల కూర్పులో ఏది చెడినదో వెదకి, దానిని మాత్రము మార్చుకొనవచ్చును. చిరిగిన చీరకు మాసిక వేయు చేతికి ఇది యెరుగని సంగతి కాదు.

మార్పులైన నాటి రాత్రి అవ్వ మరల పాడెను. వాన వెలసెను. పాట నిలిచెను. తన గొంతును తానే విని ఆమె చాలసేపు మాటాడక, “ఇంగొకటి ఉండాది, అది గూడా పట్టుకో” అనెను. సోదరీమణులారా, మీ యిండ్లలోని అవ్వలకును ఇంకొక పాట మిగిలియుండును. ఆలస్యము చేయకుడు.