హాప్స్ ఘాటు, గోధుమ మెత్తదనం

అమెరికా గోధుమ బీరు జర్మనీ గోధుమ బీరుకు చుట్టమే గానీ రుచిలో పోలిక తక్కువ. జర్మనీలో వైస్‌బియర్ అని పేరు పెట్టాలంటే అందులో వాడే మాల్ట్‌లో, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజల్లో, కనీసం సగం గోధుమ ఉండాలి. దాన్ని పులియబెట్టే ఈస్ట్ కూడా ప్రత్యేకమైనదే. మగ్గిన అరటిపండు వాసన, లవంగం వాసన దాని నుంచే పుడతాయి. బెల్జియం విట్‌బియర్‌లో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. హైదరాబాద్, బెంగళూరు మైక్రోబ్రూవరీల్లో ‘వీట్ బీర్’ అని అడిగితే సాధారణంగా గ్లాసులోకి వచ్చేది ఈ రెండింటిలో ఏదో ఒకటి. ఆ అలవాటుతో అమెరికా రకాన్ని గుటక వేసినవారికి ముందు కలిగేది అయోమయమే. అరటిపండు లేదు, లవంగం లేదు, ధనియాలూ లేవు. వాటి చోట పంపరపనస, నారింజ, పైన్ చెట్టు బంక వాసనలు, వెనకాలే నిఖార్సైన చేదు.

ఈ రకం వయసు పెద్దదేమీ కాదు. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా సాగిన మద్యనిషేధంలో చిన్న బ్రూవరీలెన్నో మూతపడ్డాయి, వాటితోపాటు గోధుమ బీరూ కనుమరుగైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బ్రూవింగ్ 1984లో దాన్ని మళ్లీ తయారుచేసింది. 1986లో ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో విడ్మర్ సోదరులు తమ గోధుమ బీరును వడకట్టకుండా, మసకగానే అమ్మకానికి పెట్టారు. పేరు జర్మన్‌దే, హెఫెవైజెన్. ఈస్ట్ మాత్రం అరటి, లవంగం వాసనలు రాని రకం. పేరు చూసి జర్మనీ రుచి ఆశించినవాళ్లు ముఖం చిట్లిస్తే వాళ్ల తప్పేం లేదు. అయితే ఈస్ట్ నోరు మెదపని చోట, బీరుకు చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పూల చేత మాట్లాడించవచ్చని తర్వాతి బ్రూవర్లు పట్టుకున్నారు. ఇండియానా రాష్ట్రంలోని త్రీ ఫ్లాయిడ్స్ వారి ‘గంబాల్‌హెడ్’, కాలిఫోర్నియాలో పెటలూమాకు చెందిన లగునిటాస్ వారి ‘ఎ లిటిల్ సంపిన్ సంపిన్’ ఈ దారిలో పేరు తెచ్చుకున్నవే. మొదటిదానిలో ఆల్కహాల్ 5.6 శాతం, రెండోదానిలో 7.5 శాతం.

బార్లీకి ఉన్నట్టు గోధుమ గింజకు పొట్టు అంటిపెట్టుకుని ఉండదు. చిన్న సంగతిలా కనిపించినా బ్రూవర్‌కు ఇది పెద్ద తలనొప్పి. బార్లీ మాల్ట్‌ను పగలగొట్టి వేడినీళ్లలో నానబెట్టినప్పుడు దాని పొట్టే అడుగున పరుచుకుని వడకట్టే పని చేస్తుంది. తీయటి రసం దాని సందుల్లోంచి కిందికి దిగుతుంది. గోధుమ వాటా పెరిగేకొద్దీ ఆ ముద్ద జిగటపడి రసం దిగడం ఆగిపోతుంది. అమెరికా బ్రూవర్లు దీనికి వాడే మందు వరి ఊక. ఊకను ముద్దలో కలిపితే రుచి మారదు, రసానికి దారి మాత్రం దొరుకుతుంది. మన ఊళ్లలో ఇటుక బట్టీలకు పోయే ఊకను అక్కడ ఇంట్లో బీరు చేసుకునేవాళ్లు డబ్బు పెట్టి సంచుల్లో కొనుక్కుంటారు.

ఇంత తంటా పడి గోధుమ వేయడానికి కారణం దానిలోని మాంసకృత్తులు. నురుగు దట్టంగా నిలబడటానికి, బీరు మసకగా ఉండటానికి, నోటికి మెత్తగా తగలడానికి అవే కారణం. కాకరకాయ కూరలో బెల్లం చేసే పనిని ఇక్కడ గోధుమ తీపి లేకుండానే చేస్తుంది. చేదు తగ్గదు, దాని కరకుదనం తగ్గుతుంది.

ఇక హాప్స్. ఇది చలి ప్రాంతాల తీగ. గంజాయి కుటుంబానికి చెందినదే గానీ ఆ మత్తు ఉండదు. ఆడ తీగకు వచ్చే ఆకుపచ్చ పూగుత్తిని నిలువునా చీలిస్తే రేకుల మొదట్లో పసుపు రంగు పొడి కనిపిస్తుంది. వేళ్ల మధ్య నలిపితే జిగురుగా అంటుకుంటుంది, వాసన ఒక పట్టాన వదలదు. ఆ పొడిలో ఆల్ఫా ఆమ్లాలు, పరిమళ తైలాలు రెండూ ఉంటాయి. ఆమ్లాలు బాగా మరిగితేనే బీరులో చేదు దిగుతుంది, తైలాలేమో మరిగితే ఆవిరైపోతాయి. అందుకే కాగడం మొదలైనప్పుడు వేసిన హాప్స్ చేదునిస్తే, పొయ్యి ఆపబోయే ముందు వేసినవి వాసననిస్తాయి. పులియడం ముగింపుకొచ్చాక, వేడి చేయకుండానే మరికొన్ని వేసి నానబెట్టడాన్ని డ్రై హాపింగ్ అంటారు. హాప్స్ ఘాటున్న గోధుమ బీరులో గ్లాసు దగ్గరికి రాగానే గుప్పున కొట్టే వాసన చాలావరకు ఈ చివరి విడతదే.

ఏ రకం హాప్స్ అన్నదీ ముఖ్యమే. అమెరికా హాప్స్‌లో అధికభాగం వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయలో పండుతుంది. 1972లో విడుదలైన కాస్కేడ్ రకానిది పంపరపనస తరహా వాసన. గంబాల్‌హెడ్‌లో వాడే అమరిల్లోది నారింజ వాసన. సిట్రా రకంలో మామిడి, లిచీ ఛాయలు కూడా తగులుతాయి. చేదును ఐబీయూ అనే కొలతలో చెబుతారు. లీటరు బీరులో చేదు పదార్థం ఒక మిల్లీగ్రాము ఉంటే సుమారుగా ఒక ఐబీయూ. పోటీల న్యాయనిర్ణేతల కోసం బీర్ల లక్షణాలు రాసిపెట్టే బీజేసీపీ సంస్థ అమెరికా గోధుమ బీరుకు 15 నుంచి 30 ఐబీయూలు, 4 నుంచి 5.5 శాతం ఆల్కహాల్ అని హద్దు గీసింది. గంబాల్‌హెడ్, సంపిన్ సంపిన్ రెండూ ఆ హద్దు దాటినవే. హద్దు దాటడమే వాటి ఆకర్షణ అనుకోవాలి.

రుచి చూడటం గ్లాసుతో మొదలవుతుంది. జిడ్డు ఉన్న గ్లాసులో నురుగు నిలవదు. పోశాక బుడగలు గ్లాసు గోడకు అతుక్కుని కనిపిస్తే కడగడంలో లోపమని అర్థం. ఫ్రిజ్‌లోంచి తీసిన క్షణంలో బీరు మరీ చల్లగా ఉండి వాసన సగం దాక్కుంటుంది, కొన్ని నిమిషాలు ఆగితే విచ్చుకుంటుంది. గ్లాసును వంచి పోస్తూ చివర్లో నిటారుగా పెడితే రెండు వేళ్ల మందాన నురుగు వస్తుంది. సీసా అడుగున మడ్డి ఉంటే చివరి గుక్కెడు మిగలగానే మెల్లగా తిప్పి పోసుకోవచ్చు.

రంగు లేత గడ్డి రంగు నుంచి తేనె రంగు దాకా ఉంటుంది. కాస్త మసక ఉండాలి, బురదలా ఉండకూడదు. గ్లాసును ఒకసారి గుండ్రంగా తిప్పి, దీర్ఘంగా కాకుండా చిన్న చిన్నగా రెండు మూడుసార్లు వాసన చూడాలి. ముక్కు త్వరగా అలవాటు పడిపోతుంది కాబట్టి మొదట తోచినదే నమ్మదగినది. అమెరికా రుచి నిపుణులు మాటిమాటికీ చెప్పే గ్రేప్‌ఫ్రూట్ నిజానికి పంపరపనసకూ తీపి నారింజకూ పుట్టిన సంకరం. పంపరపనస తొన ఒలిచిన తెలుగువారికి ఈ వాసన కొత్త కాదు. హాప్స్ కింద, కాస్త ఓపిక పడితే, పచ్చి రొట్టెపిండి లాంటి గోధుమ వాసన కూడా అందుతుంది.

మొదటి గుటకను నోరంతా తిప్పి మింగి, ముక్కుతో ఊపిరి వదలాలి. పండ్ల వాసన రెండోసారి బయటపడేది అప్పుడే. వైన్ రుచి చూసేవారు ఉమ్మేస్తారు, బీరు విషయంలో మింగడమే ఆనవాయితీ. చేదు మెల్లగా తెలిసి, మింగాక కూడా చాలాసేపు ఉంటుంది. గుటక గుటకకూ అది పేరుకుంటుంది కూడా. కాబట్టి మొదటి గుటకతో తీర్పు చెప్పడం తొందరపాటు, మూడో గుటక దాకా ఆగాలి. అప్పటికీ చేదు శుభ్రంగా ఉండి, నాలుక పీక్కుపోయే వగరు లేకపోతే బ్రూవర్ పని తెలిసినవాడే. ‘సంపిన్ సంపిన్’లో గోధుమ ఇచ్చే పట్టులాంటి మెత్తదనం 7.5 శాతం ఆల్కహాల్‌ను కప్పేస్తుంది. తేలిగ్గా దిగుతోంది కదా అని వేగంగా తాగితే లెక్క తప్పుతుంది. రుచి తెలుసుకోవడానికి 100 మిల్లీలీటర్లు చాలు.

అంచున నిమ్మచెక్క గుచ్చి ఇవ్వడం అమెరికా బార్లలో పాత అలవాటు. సాదా గోధుమ బీరుకు అది సరిపోతుందేమో గానీ హాప్స్ ఘాటున్నదానికి అనవసరం. తొక్కలోని నూనె హాప్స్ వాసనను మింగేస్తుంది, రసంలోని పులుపు నురుగును విరగ్గొడుతుంది.

ఈ బీరును పాడుచేసేవి వెలుతురు, గాలి, కాలం. ఎండ సోకితే హాప్స్‌లోని చేదు పదార్థం విరిగి గంధకపు దుర్వాసన పుడుతుంది. గోధుమరంగు సీసా దీన్ని చాలావరకు అడ్డుకుంటుంది, డబ్బా పూర్తిగా అడ్డుకుంటుంది, పచ్చ సీసా పెద్దగా పనికిరాదు. గాలి తగిలితే తడిసిన అట్టముక్క రుచి వస్తుంది. పాప్‌కార్న్ మీది వెన్న వాసన వస్తే పులియబెట్టడం సరిగా ముగియలేదన్నమాట. అన్నీ సక్రమంగా ఉన్నా హాప్స్ పరిమళం కొన్ని నెలల్లో వాడిపోతుంది, చేదు మాత్రం మొద్దుగా మిగులుతుంది. కొనేటప్పుడు గడువు తేదీ కన్నా నింపిన తేదీ చూడటం మేలు. మూడు నెలలు దాటని సరుకైతే, అదీ ఫ్రిజ్‌లో ఉంచి అమ్మినదైతే, బ్రూవర్ ఉద్దేశించిన రుచి చాలావరకు దొరుకుతుంది.