పన్నులో న్యాయం శ్లాబులతోనే తేలదు

కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను కట్టక్కర్లేదని 2025 బడ్జెట్ చెప్పగానే ఉద్యోగుల ఇళ్లలో ఊరట కలిగింది. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు కలిపితే జీతం మీద బతికేవాళ్లకు ఆ హద్దు 12.75 లక్షలు. ఊరట నిజమే. కానీ సంస్కరణ అంటే శ్లాబులు మార్చడమే అనుకుంటే అసలు ప్రశ్న మరుగున పడుతుంది.

ముందు ఒక అపోహ తొలగాలి. శ్లాబు దాటితే మొత్తం జీతం మీద పెద్ద రేటు పడుతుందని చాలామంది భయపడతారు. అలా ఉండదు. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. తర్వాతి 4 లక్షల మీద 5 శాతం, ఆపై 4 లక్షల మీద 10 శాతం. ఇలా పెరుగుతూ పోయి, 24 లక్షలు దాటిన భాగం మీద మాత్రమే 30 శాతం పడుతుంది. 12 లక్షలకు లెక్క ప్రకారం వచ్చే 60 వేలను రిబేటు మాఫీ చేస్తుంది. పన్ను వేయదగ్గ ఆదాయం 12.10 లక్షలైతే రిబేటు పోతుంది, పన్ను 61,500 అవుతుంది. పది వేలు ఎక్కువ సంపాదించిన పాపానికి అంత కట్టించడం అన్యాయం కనుక, చట్టమే ఆ పన్నును 10 వేల దగ్గర ఆపింది.

పన్ను న్యాయంగా ఉందా లేదా అని తేల్చడానికి రెండు పరీక్షలున్నాయి. ఎక్కువ సంపాదించేవారు తమ ఆదాయంలో ఎక్కువ వాటా ఇస్తున్నారా? సమాన ఆదాయం ఉన్నవారు సమానంగా కడుతున్నారా? శ్లాబులు మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబిస్తాయి. మన విధానం తడబడేది రెండో దాని దగ్గర.

ఏడాదికి 40 లక్షలు వచ్చే ఇద్దరిని తీసుకుందాం. ఒకరిది జీతం. స్టాండర్డ్ డిడక్షన్ పోను, సెస్ కాక ఆయన పన్ను 7,57,500. ఇంకొకరికి ఆ మొత్తం ఏడాదికి పైగా అట్టిపెట్టిన లిస్టెడ్ షేర్లు అమ్మగా వచ్చిన లాభం. 1.25 లక్షలు పోను మిగతా దాని మీద రేటు 12.5 శాతమే కాబట్టి, సెస్ కాక 5 లక్షల లోపే తేలిపోతుంది. షేర్లలో నష్టభయం ఉంది, కంపెనీ ముందే తన లాభం మీద పన్ను కట్టింది అన్న వాదనలో పస ఉంది. కొంత రాయితీ సబబే. లాభం కోట్లకు చేరినా అదే రేటు ఉండటం మాత్రం సబబు కాదు.

ఇలాంటి తేడాయే వ్యవసాయ ఆదాయం దగ్గరా ఉంది. దాని మీద కేంద్రం పన్ను వేయదు. రాజ్యాంగం ఆ అధికారాన్ని రాష్ట్రాలకిచ్చింది. రెండెకరాల రైతు ఎలాగూ 4 లక్షల హద్దు చేరడు, అతన్ని కాపాడటానికి ఈ మినహాయింపు అక్కర్లేదు. దీనివల్ల ఎక్కువ మేలు పొందేది భారీ ఆదాయాలున్నవారే. విత్తన కంపెనీలు సైతం దీన్ని వాడుకున్న సందర్భాలున్నాయి.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోని వృత్తి పన్ను అయితే మొదటి పరీక్షలోనే తప్పుతుంది. నెల జీతం 20 వేలు దాటితే 200 రూపాయలు. 21 వేలు తీసుకునే నర్సూ, 5 లక్షలు తీసుకునే మేనేజరూ కట్టేది అదే 200. వృత్తి పన్ను ఏడాదికి 2,500 మించకూడదన్న రాజ్యాంగ పరిమితి 1988 నుంచి మారలేదు.

అలాగని రేట్లు విపరీతంగా పెంచితే న్యాయం రాదు. 1973-74లో పై శ్లాబు రేటు సర్‌చార్జితో కలిపి 97.75 శాతం. ఆ స్థాయిలో నిజం చెప్పడం కన్నా దాచడమే లాభం. 1985-86లో దాన్ని 50కి, 1997-98లో 30కి తగ్గించడం సరైన పనే. రేటు మితంగా, మినహాయింపులు తక్కువగా ఉంటేనే నిజాయితీగా కట్టేవాడికి నమ్మకం కలుగుతుంది.

1961 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2025 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్లను 819 నుంచి 536కు కుదించింది. చదవడం తేలికైంది, కానీ భారం ఎవరి మీద ఎంత అన్నది అలాగే ఉంది. చేయాల్సిన పనులు కనబడుతూనే ఉన్నాయి. భారీ షేర్ల లాభాలకు రేటు పెంచాలి. కంపెనీల వ్యవసాయ ఆదాయాన్ని పన్ను పరిధిలోకి తేవాలి. వృత్తి పన్నులో 20 వేల హద్దును పెంచాలి. ఈ చివరిది చేయడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, హైదరాబాదు, అమరావతి తలుచుకుంటే చాలు.